వచ్చిన పదమే అర్థం మార్చుకుంటే: షేక్‌స్పియర్ కాలపు ఇంగ్లీషు చదువులో ఒక కేస్ స్టడీ

ఎం.ఏ. ఇంగ్లీషు చదివేవాళ్లకి, ముఖ్యంగా తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి, పదహారు పదిహేడు శతాబ్దాల పాఠ్యాలు చదవడంలో సాయం చేస్తుంటాను. ఈ కేసు ప్రత్యేకంగా రాయాలనిపించడానికి కారణం ఉంది. పాత ఇంగ్లీషు అనగానే విద్యార్థులూ, పాఠం చెప్పేవాళ్లూ వింత పదాల వెంటే పడతారు. ఈ అమ్మాయికి వింత పదాలన్నీ కంఠతా వచ్చు. ఆమెకు మార్కులు పోయింది మనం రోజూ మాట్లాడే పదాల దగ్గర. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, కాలేజీ, కుటుంబం గుర్తుపట్టేలా ఉండే వివరాలు తీసేశాను.

నేపథ్యం

కోస్తాలో ఒక చిన్న ఊరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, డిగ్రీలో స్పెషల్ తెలుగు. తర్వాత కొన్నాళ్లు డీఎస్సీ కోచింగ్ తీసుకుని, ఇంగ్లీషు మీద ఇష్టంతో ఎం.ఏ.లో చేరింది. ఇప్పటి ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది, వార్తాపత్రిక తడుముకోకుండా చదువుతుంది. ఇంట్లో సాయంత్రం ప్రార్థన ఉంటుంది. అమ్మమ్మ పెద్దగా చదివే తెలుగు బైబిల్ వింటూ పెరిగింది. స్పెషల్ తెలుగు, ఇంట్లో బైబిల్ అన్న ఈ రెండు వివరాలూ మొదట నా నోట్స్‌లో ఓ మూల ఉన్నవే. చివరికి దారి చూపించినవి కూడా ఇవే.

సిలబస్‌లో షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్ ఉంది, ఆయనవే కొన్ని సానెట్లు, అంటే పద్నాలుగు పంక్తుల కవితలు, ఉన్నాయి. నేపథ్య పఠనంగా 1611 నాటి ఇంగ్లీషు అనువాదమైన కింగ్ జేమ్స్ బైబిల్ నుంచి కొన్ని భాగాలు కూడా పెట్టారు.

సమస్య

కథ చెప్పమంటే చక్కగా చెప్పేది. పాత్రల గురించి వ్యాసం రాయమంటే రాసేది. కానీ నాలుగు పంక్తులు ఇచ్చి సందర్భంతో సహా వ్యాఖ్యానించమనే ప్రశ్నకు వచ్చేసరికి మార్కులు సగానికి పడిపోయేవి. 'పదాలు గుర్తుండట్లేదు మేడమ్, అదే టెన్షన్' అంది. ఆ మాట నమ్మేసి ఇంకో పదాల పట్టిక ఇవ్వడం తేలిక. అలా ఇచ్చే ముందు ఆమె జవాబు పత్రాలు తెప్పించుకుని, తప్పు సరిగ్గా ఏ పదం మీద జరిగిందో చూశాను.

హామ్లెట్ మూడో అంకంలోని ప్రసిద్ధ స్వగతంలో ఫార్డెల్స్ అంటే మోసే బరువులనీ, బాడ్కిన్ అంటే బాకు అనీ, కంట్యుమెలీ అంటే అవమానమనీ తడబడకుండా రాసింది. అదే స్వగతంలో 'దేర్స్ ద రెస్పెక్ట్' అని మొదలయ్యే వాక్యంలో రెస్పెక్ట్‌ని గౌరవం అనుకుంది. అక్కడ దాని అర్థం 'ఆలోచించాల్సిన సంగతి'. ఈ కష్టాల బతుకును మనిషి ఇంతకాలం సాగదీయడానికి కారణమైన ఆలోచన అదీ అంటున్నాడు హామ్లెట్. ఆమె మాత్రం దీర్ఘాయుష్షుకి మనుషులిచ్చే గౌరవం మీద ఓ పేరా రాసింది.

తండ్రి ఆత్మ ఆయుధాలతో కనిపించిందని విన్నాక హామ్లెట్ 'ఐ డౌట్ సమ్ ఫౌల్ ప్లే' అంటాడు. ఏదో మోసం జరిగిందని అనుమానంగా ఉంది అని భావం. 'మోసం జరిగిందంటే హామ్లెట్ నమ్మడం లేదు' అని ఆమె రాసింది. ఇప్పటి ఇంగ్లీషులో డౌట్ అంటే నమ్మకపోవడం కాబట్టి లెక్క ప్రకారం ఆమె చేసింది సరైన అనువాదమే. నాటకం మాత్రం తలకిందులైంది.

అన్నిటికంటే ఎక్కువ నేర్పిన తప్పు 119వ కీర్తనలోది. 'ఐ ప్రివెంటెడ్ ద డానింగ్ ఆఫ్ ద మార్నింగ్, అండ్ క్రైడ్' అనే వాక్యం. ప్రివెంట్ అంటే అడ్డుకోవడం, ఆపడం. కాబట్టి కీర్తనకారుడు తెల్లవారకుండా ఆపాడని రాసింది. అక్కడితో వదిలేయలేదు, యెహోషువ సూర్యుణ్ణి నిలిపిన ఘట్టాన్ని గుర్తుచేస్తూ భక్తుడి మొరకి ప్రకృతి ఎలా లోబడుతుందో అరపేజీ వ్యాఖ్యానం చేసింది.

ఆ అరపేజీని నేను చాలాసేపు చూశాను. రాసిన పిల్లకి తెలివి తక్కువ కాదు, శ్రద్ధ తక్కువ కాదు. వాక్యం ఎక్కడో పొసగడం లేదని ఆమెకు లోపల తెలిసింది కూడా. కానీ పదం మీద అనుమానం రాలేదు, ఎందుకంటే పదం తనకు వచ్చు. అందుకని పదాన్ని అలాగే ఉంచి, దానికి సరిపోయేలా ఓ అద్భుతాన్ని తెచ్చి అతికించింది. రోగ నిర్ధారణ నాకు అక్కడ జరిగింది: రాని పదం దగ్గర ఆమె ఆగుతుంది, నిఘంటువు తీస్తుంది. వచ్చిన పదం దగ్గర ఆగే అలవాటే లేదు. పాత ఇంగ్లీషులో అర్థం తారుమారయ్యేది ఎక్కువగా ఆ రెండో చోటే.

పని చేయని దారులు

పదాల పట్టికలు ఆమె అప్పటికే వాడి ఉంది. ఎందుకు పని చేయలేదో పైన చెప్పిందే: పట్టిక ఎప్పుడూ వింతగా కనిపించే పదాలకే తయారవుతుంది. బాడ్కిన్ పట్టికలో ఉంటుంది, రెస్పెక్ట్ ఉండదు.

రెండోది, ఒకవైపు మూలం ఒకవైపు నేటి ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు. ఇవీ ఆమె దగ్గరున్నాయి. ఇవి పనికిరావని నేను అనను. కథ అందడానికి, భయం పోవడానికి మంచివే. కానీ చదువుతున్నప్పుడు ఆమె కళ్లు ఎటు వెళ్తున్నాయో గమనించాను. కుడి పేజీ మీదే ఉన్నాయి. ఎడమ పేజీని తాకడం లేదు. పరీక్షలో వచ్చేది ఎడమ పేజీ.

మూడో దారి నేను ఆలోచించి పెట్టింది: ధాతువు దాకా వెళ్లడం. ప్రివెంట్ లాటిన్ నుంచి వచ్చింది. ప్రే అంటే ముందు, వెనీరే అంటే రావడం. ముందుగా రావడం అసలు అర్థం. దారికి అడ్డంగా ముందే వచ్చి నిలబడితే ఆపినట్టే కదా, అలా రెండో అర్థం పుట్టింది. కీర్తనకారుడు తెల్లవారడం కంటే ముందే లేచి మొరపెట్టాడన్న మాట. స్పెషల్ తెలుగు చదివిన పిల్లకి వ్యుత్పత్తి మీద ఇష్టం ఉంటుంది కాబట్టి ఈ దారి పట్టుబడుతుందని నా ఆలోచన. పట్టుబడింది కూడా, కానీ కొత్త చిక్కు తెచ్చింది.

నైస్ అనే పదం లాటిన్‌లోని నెస్కియుస్ నుంచి, అంటే 'ఏమీ తెలియని' అనే మాట నుంచి వచ్చిందని తెలుసుకున్నాక ఆమె ఎక్కడ నైస్ కనిపించినా మూర్ఖత్వం వెతకడం మొదలుపెట్టింది, పంతొమ్మిదో శతాబ్దపు నవలలో కూడా. ఆ పదం ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో అర్థం నిజంగానే 'మూర్ఖమైన'. తర్వాత 'అతి సున్నితమైన', 'సూక్ష్మమైన' మీదుగా నడిచి, 18వ శతాబ్దంలో 'బాగున్న', 'హాయైన' అన్న చోటికి చేరింది. సిల్లీ ఇంకా దూరం నడిచింది. మొదట్లో 'ధన్యమైన' అని అర్థం. జర్మన్‌లో దాని తోబుట్టువైన జేలిగ్‌కి ఇప్పటికీ ఆ అర్థం ఉంది. ఇంగ్లీషులో అది అమాయకమైన, పాపం అనిపించే, దిక్కులేని, బలహీనమైన అనే మెట్లు దిగి తెలివితక్కువ దగ్గర ఆగింది. షేక్‌స్పియర్ ఒకచోట 'సిల్లీ విమెన్' అంటాడు. అక్కడ ధన్యలైన స్త్రీలు అన్నా తప్పే, తెలివితక్కువ ఆడవాళ్లు అన్నా తప్పే. దిక్కులేని స్త్రీలు అని. ధాతువు ఒక చివర చూపిస్తుంది, నేటి వాడుక ఇంకో చివర చూపిస్తుంది. మనకు కావలసింది మధ్యలో ఎక్కడో ఉంటుంది, అది ఎక్కడన్నది తేదీని బట్టి తేలుతుంది.

నాలుగోది, వచ్చిన పదాల పట్టిక. వింత పదాలకు బదులు అర్థం మారిన మామూలు పదాలనే జాబితా వేసి ఇస్తే సరిపోదా అని చదివేవాళ్లకి తోచవచ్చు. ఆమే అడిగింది, సొంతంగా తయారు చేసుకుని తెచ్చింది కూడా. అందులో లెట్ అంటే అడ్డుకోవడం అని ఉంది. హామ్లెట్ మొదటి అంకంలో దెయ్యం వెంట వెళ్లనీయకుండా పట్టుకున్న స్నేహితులతో 'నన్ను లెట్ చేసేవాణ్ణి దెయ్యాన్ని చేస్తాను' అంటాడు. అక్కడ అర్థం అడ్డుకోవడమే. పట్టిక ప్రకారం సరిపోయింది. ఆ వారమే 116వ సానెట్ తీశాం. 'లెట్ మీ నాట్' అని మొదలవుతుంది. 'నన్ను అడ్డుకోకు' అని చదివింది. అక్కడ లెట్ మనందరికీ తెలిసిన లెట్టే: నిజమైన మనసుల కలయికకు అడ్డంకులు ఉన్నాయని నేను ఒప్పుకోకుండా ఉందును గాక అని కవి భావం. అదే కవి, అదే కాలం, అదే అక్షరాలు, రెండు అర్థాలు.

లెట్ సంగతి కాస్త విడమరచి చెప్పాలి, ఎందుకంటే ఆమెకు ఈ విషయం మీద ఆసక్తి పుట్టింది ఇక్కడే. ఇది ఒక పదం రెండు అర్థాలు మోయడం కాదు. ప్రాచీన ఇంగ్లీషులో అనుమతించడానికి ఒక క్రియ, ఆటంకపరచడానికి ఇంకో క్రియ విడివిడిగా ఉండేవి. కాలక్రమంలో ఉచ్చారణ అరిగిపోయి రెండూ ఒకే రూపానికి వచ్చాయి. సరిగ్గా ఎదురెదురు అర్థాలున్న రెండు పదాలకు ఒకే రూపం ఉంటే భాష ఎంతకాలం భరిస్తుంది? ఆటంకం అనే అర్థం వాడుకలోంచి తప్పుకుంది. కానీ పూర్తిగా పోలేదు. మన భారత పాస్‌పోర్టు తెరిచి రాష్ట్రపతి పేరిట ఉన్న వాక్యం చూడండి: ఈ వ్యక్తిని 'వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్' వెళ్లనివ్వమని ఉంటుంది. టెన్నిస్‌లో సర్వీస్ బంతి నెట్‌ని తాకి అవతల పడితే లెట్ అంటారు, అదీ ఈ ఆటంకమే.

ఏది పని చేసింది

తప్పు తెలియకపోవడం కాదు, ఆగకపోవడం. కాబట్టి ఆమెకు కావలసింది సమాచారం కాదు, ఆగే అలవాటు. సరైన అర్థం నేను చెప్పేస్తే ఆ ఒక్క పదానికే పని జరుగుతుంది. తన తప్పు తనకే, తన సొంత భాషలో వినిపించాలి. అది ఎలా అని ఆలోచిస్తుంటే నోట్స్‌లో ఉన్న అమ్మమ్మ ప్రార్థన కనిపించింది.

119వ కీర్తన 147వ వచనం ఇంట్లో ఉన్న తెలుగు బైబిల్‌లో చూసి రమ్మన్నాను. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది. అక్కడ 'తెల్లవారకమునుపే మొఱ్ఱపెట్టితిని' అని ఉంది. చిన్నప్పటి నుంచి విన్న వాక్యం. ఇంగ్లీషులో చదివినప్పుడు ఇది అదే వచనమని తట్టనే లేదట.

అక్కడి నుంచి పద్ధతి మారింది. కింగ్ జేమ్స్ వచనం ముందు ఇంగ్లీషులో చదవాలి, తనకు తోచిన అర్థం రాయాలి, ఆ తర్వాతే తెలుగు వచనం పక్కన పెట్టాలి. 23వ కీర్తనలో 'ఐ షల్ నాట్ వాంట్' అని ఉంటుంది. 'నాకు అక్కర్లేదు' అని చదివితే కాపరి అక్కర్లేదన్నట్టు అవుతుంది. తెలుగులో 'నాకు లేమి కలుగదు'. వాంట్‌కి పాత అర్థం లోటు, లేమి. ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో 'బి కేర్‌ఫుల్ ఫర్ నథింగ్' అన్నది ఇప్పటి చెవికి దేనికీ జాగ్రత్త పడొద్దని వినిపిస్తుంది. తెలుగులో 'దేనినిగూర్చియు చింతపడకుడి'. కేర్ అంటే అప్పుడు చింత. మొదటి పేతురు పత్రికలో విశ్వాసులను 'పెక్యూలియర్ పీపుల్' అంటారు. వింత మనుషులని కాదు, 'దేవుని సొత్తయిన ప్రజలు'. ఆదికాండం మొదటి అధ్యాయంలో మొక్కలనూ పండ్లనూ ఇచ్చి అవి మీకు మీట్ అవుతాయంటాడు దేవుడు. పండు మాంసమెలా అవుతుంది? మీట్ అంటే ఆహారం. కొరింథీయులకు రాసిన పత్రికలో ఛారిటీ అన్నది దానధర్మం కాదు, ప్రేమ. రోమీయులకు రాసిన పత్రికలో పౌలు మీ దగ్గరికి రావాలనుకున్నాను గానీ ఇంతవరకు 'లెట్' అయ్యానంటాడు. అక్కడ తెలుగులో 'ఆటంకపరచబడితిని' అని ఉండటం చూసి, హామ్లెట్ లెట్టు, పాస్‌పోర్టు లెట్టు తనే కలుపుకుంది.

తెలుగు బైబిల్ కింగ్ జేమ్స్‌కి అనువాదం అని ఇక్కడ ఎవరూ అనుకోకూడదు. రెండూ ఒకే మూల గ్రంథాలను వేర్వేరు కాలాల్లో వేర్వేరు భాషల్లోకి తెచ్చినవి. కాబట్టి ప్రతి పదం ఎదురెదురు పెట్టి నిఘంటువులా వాడితే దెబ్బతింటాం. నేను దాన్ని అనుమానం పుట్టించడానికే వాడాను. రెండు వాక్యాలు ఎక్కడ వేర్వేరు మాటలు చెబుతున్నాయో అక్కడ ఆగడం, తర్వాత సాక్ష్యం వెతకడం. కింగ్ జేమ్స్‌నే ఎంచుకోవడానికి ఇంకో కారణమూ ఉంది. అది 1611లో వచ్చినా అందులోని కొత్త నిబంధన భాష చాలావరకు 1526లో టిండేల్ చేసిన అనువాదం నుంచి నడిచి వచ్చినది. పాత అర్థాలు అందులో దండిగా దొరుకుతాయి, వాక్యాలు చిన్నవి, సందర్భం ఆమెకు ముందే తెలుసు.

సాక్ష్యానికి తేదీలున్న నిఘంటువు కావాలి. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు దీనికోసమే పుట్టింది. ప్రతి అర్థం కింద అది ఏ కాలంలో ఎవరు వాడారో ఉదాహరణలతో వరసగా ఉంటుంది. మొదటి భాగం 1884లో వస్తే చివరిది 1928లో వచ్చింది. ప్రధాన సంపాదకుడు జేమ్స్ ముర్రే పని పూర్తయ్యేదాకా బతకలేదు. ఎక్కడెక్కడి పాఠకులో చీటీల మీద రాసి పంపిన వాక్యాలు దానికి ఆధారం. నేటి కూర్పుకి చందా ఖరీదు ఎక్కువ, యూనివర్సిటీ లైబ్రరీలో అయితేనే వీలు. మొదటి కూర్పు సంపుటాలు కాపీరైట్ దాటి ఉచితంగా దొరుకుతున్నాయి. 1755 నాటి శామ్యూల్ జాన్సన్ నిఘంటువు కూడా ఉచితమే, పైగా జాన్సన్ తన ఉదాహరణల్లో షేక్‌స్పియర్‌ని విరివిగా వాడాడు. మా పనికి చాలావరకు జాన్సనే సరిపోయాడు.

చూసే పద్ధతి కూడా నిర్ణయించుకున్నాం. నిఘంటువు తీసే ముందు ఆ ఖాళీలో ఏ తెలుగు మాట పెడితే వాక్యం నిలబడుతుందో ముందుగా రాయాలి. ఆ తర్వాత నిఘంటువులో ఆ అర్థం ఉందా, ఉంటే ఆ కాలంలో వాడారా అని చూడాలి. ఈ వరస మార్చకూడదని పట్టుబట్టాను. ముందే నిఘంటువు తీస్తే పది అర్థాల్లో మొదటిది పట్టుకుని వచ్చేస్తారు. ముందు సొంత చెవి మాట్లాడాలి.

స్పెషల్ తెలుగు ఇక్కడ అక్కరకొచ్చింది. అర్థవిపరిణామం, అంటే మాటల అర్థాలు కాలంతో మారే తీరు, ఆ పాఠం ఆమెకు డీఎస్సీ కోచింగ్‌లో నోటికి వచ్చినదే. ఒకప్పుడు చీర అంటే ఏ బట్టైనా, రాముడు కట్టిన నారచీరలు గుర్తుందిగా. ఇప్పుడు ఆడవాళ్లు కట్టేదే చీర. మీట్ కూడా అదే దారి: ఆహారం మొత్తం నుంచి మాంసానికి కుదించుకుపోయింది. అర్థసంకోచం. ఛాందసుడు వేదం చదువుకున్నవాడి నుంచి పాతకాలపు మనిషికి దిగినట్టే, నేవ్ అనే పదం కుర్రవాడి నుంచి దుర్మార్గుడికి దిగింది. అర్థాపకర్ష. జూదం ఆడించేవాడైన సభికుడు సభలో పెద్దమనిషి అయినట్టు, ఒకప్పుడు కుర్రవాడు, సేవకుడు అయిన నైట్ వీరుడయ్యాడు. అర్థోత్కర్ష. కింగ్ లియర్‌లో ఎలుకల్నీ చుంచుల్నీ 'స్మాల్ డీర్' అనడం చూసి ఆమె తెల్లబోయింది. డీర్ ఒకప్పుడు ఏ జంతువైనా. సంస్కృతంలో మృగం కూడా ఏ అడవి జంతువైనా అయ్యుండి తర్వాత జింకగా స్థిరపడింది. మృగరాజు సింహం కావడంలో ఆ పాత అర్థం మిగిలే ఉంది. ఈ పోలిక నేను చెప్పలేదు, ఆమే పట్టుకుని చెప్పింది. పదం ఎటు నడిచిందో పేరు పెట్టగలిగితే ఇంకో పదం ఎటు నడిచి ఉంటుందో ఊహించడం వస్తుంది. పరీక్ష కోసం బట్టీ పట్టిన ఈ పేర్లు ఇంగ్లీషు చదవడానికి పనికొస్తాయని ఆమెకు అంతవరకు ఎవరూ చెప్పలేదు.

తెలుగువాళ్లకి సహజంగా కలిసొచ్చే సంగతి ఇంకొకటి. దౌ (నువ్వు), యూ (మీరు) తేడా ఇప్పటి ఇంగ్లీషువాళ్లు పుస్తకం చూసి నేర్చుకోవాలి. మనకు నువ్వు, మీరు ఇంట్లోనే ఉన్నాయి. 1603లో ఇంగ్లండ్‌లో వాల్టర్ రాలీ అనే ప్రముఖుడి మీద రాజద్రోహం విచారణ జరిగినప్పుడు ప్రాసిక్యూటర్ ఎడ్వర్డ్ కోక్ అతణ్ణి కావాలనే దౌ అని పిలిచి, అలా పిలుస్తున్నానని చెప్పి మరీ అవమానించాడు. ఏకవచనంలో మాట్లాడతావా అని మన ఊళ్లలో గొడవలు ఎలా మొదలవుతాయో తెలిసినవాళ్లకి దీనికి వివరణ అక్కర్లేదు. హామ్లెట్‌లో పాత్రలు ఎక్కడ మీరు నుంచి నువ్వుకి మారుతున్నాయో ఆమె తరగతిలో అందరికంటే ముందు పట్టుకునేది. డౌట్ కూడా అలాంటిదే. మన 'అనుమానం' మాటలో మోసం జరిగిందేమోనన్న శంక పలుకుతుంది. తెలుగులో ఆలోచించి ఉంటే ఆ వాక్యం ఆమెకు మొదటే సరిగ్గా వచ్చేది. ఇప్పటి ఇంగ్లీషు కష్టపడి నేర్చుకున్నందువల్లే అక్కడ దారి తప్పింది.

ఫలితం

నేను ఎప్పుడూ చూపించని భాగం ఇచ్చి చూశాను. హామ్లెట్‌లో కొడుకుని పరదేశం పంపుతూ పొలోనియస్ చెప్పే బుద్ధులు. అందులో ప్రతి మనిషి 'సెన్షర్' తీసుకో, కానీ నీ తీర్పు నీ దగ్గరే ఉంచుకో అనే వాక్యం ఉంది. సెన్షర్ అంటే ఇప్పుడు గట్టిగా తప్పుపట్టడం. ఆ అర్థంతో చదివినా వాక్యం కొంతవరకు నిలబడుతుంది, అందుకే ఇది గట్టి పరీక్ష. ఆమె పెన్సిల్‌తో ఆ పదం కింద గీత గీసింది. ఎందుకు ఆగావమ్మా అంటే, 'రెండో సగంలో తన తీర్పు అంటున్నాడు కదండీ మేడమ్, మొదటి సగంలో అవతలివాళ్ల తిట్లు ఎందుకుంటాయి? తూకం సరిపోవడం లేదు' అంది. ఖాళీలో 'అభిప్రాయం' అని రాసింది. జాన్సన్ తీస్తే తీర్పు, అభిప్రాయం అనే అర్థం ఉంది.

సెమిస్టర్ పరీక్షలో వ్యాఖ్యాన ప్రశ్నకు మార్కులు పెరిగాయి. వేగం మాత్రం తగ్గింది. వచ్చిన పదాల దగ్గర కూడా ఆగడం మొదలుపెడితే సమయం పడుతుంది, చివరి ప్రశ్న సగంలో ఆగిపోయింది. ఇది ఈ పద్ధతికి నిజమైన ఖర్చు. పరీక్ష దగ్గరపడిన విద్యార్థితో దీన్ని మొదలుపెట్టను. కనీసం ఒక సెమిస్టర్ చేతిలో ఉండాలి.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

కొత్తగా వచ్చినవాళ్ల దగ్గర ఇప్పుడు మొదట తీసుకునేది తప్పు జవాబు పత్రం. తప్పు రాని పదం మీద ఉందా, వచ్చిన పదం మీద ఉందా అన్నది విడదీయకుండా ఏ పట్టికా ఇవ్వను. రెండింటికీ మందు వేరు. మొదటిదానికి నిఘంటువు చాలు, రెండోదానికి నిఘంటువు తీయాలన్న ఆలోచన రావాలి.

విద్యార్థి ఇంట్లో ఏ పాత తెలుగు ఉందో కూడా అడుగుతున్నాను. ఈ అమ్మాయికి బైబిల్ ఉంది. అది లేని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకి పాస్‌పోర్టు వాక్యంతో మొదలుపెడుతున్నాను. లేదా చర్చి పెళ్లి ప్రమాణంతో. సినిమాల్లో అందరూ విన్న 'టిల్ డెత్ డు అస్ పార్ట్' మొదట 1549 నాటి ఆరాధన గ్రంథంలో 'టిల్ డెత్ అస్ డిపార్ట్'. డిపార్ట్ అంటే అప్పుడు విడదీయడం. ఆ అర్థం జనానికి అందకుండా పోయేసరికి 1662లో మార్చారు. మాటకి అర్థం మారితే ప్రమాణాన్నే సవరించాల్సి వచ్చిందని చూపిస్తే, వచ్చిన పదాన్ని కూడా అనుమానించాలన్న సంగతి ఎవరికైనా తలకెక్కుతుంది.

ఇంకా తెగని చిక్కు ఒకటి ఉంది. వాక్యం పొసగకపోతేనే ఆగుతాం. పాత అర్థం, కొత్త అర్థం రెండూ హాయిగా సరిపోతే? షేక్‌స్పియర్‌లో స్టిల్ చాలాచోట్ల 'ఎప్పుడూ' అని, 'ఇంకా' అని చదివినా వాక్యం తూలదు. ప్రెజెంట్లీ 'వెంటనే', 'కాసేపట్లో' అని చదివినా ఏ గంటా మోగదు. ఆ పిల్ల చెవి ఎంత పదునైనా ఇలాంటివి దాటిపోతాయి. అందుకని ప్రతి భాగంలో అనుమానం వచ్చినా రాకపోయినా రెండు మూడు మామూలు పదాలు ఎంచుకుని జాన్సన్‌లో చూడటం నియమంగా పెట్టాం. వాటిలో చాలావరకు మనకు తెలిసిన అర్థమే తేలుతుంది, సమయం పోయిందని ఆమెకు విసుగొస్తుంది. అయినా మానవద్దని చెబుతున్నాను. ప్రస్తుతం ఆమె మెక్‌బెత్ మొదటి అంకం ఇలాగే చదువుతోంది.